పటేలింటి కంటిపువ్వు

ఎడమ కంట్లో మొదటిసారి సూది దిగినట్టు పొడిచినప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ వరండాలో నిలబడి ఉన్నాను. అక్కడ నా ఉద్యోగమే నిలబడటం. పోటీపరీక్షల పిల్లలు లోపలికి పోయేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు తోపులాట లేకుండా చూడాలి. ఫ్యాను తిరగకపోతే మనిషిని పిలిపించాలి. సాయంత్రం తలుపులు వేయించాలి. యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. నన్ను పనిలో పెట్టుకున్న రోజు, "మీరు అలా నిటారుగా నిలబడితే చాలండి, గొడవలే ఉండవు" అన్నాడు. దాన్ని మర్యాదగానే తీసుకున్నాను. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ నెలజీతానికి నిలబడలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు.

మాది సరూర్‌నగర్ అవతల ఒక ఊరి పటేలిల్లు. ఆ ఊరు ఇప్పుడు కాలనీల కింద పడిపోయింది. తాత కొంత అమ్మాడు, మిగిలింది నాన్న అమ్మాడు. ఆ వీధుల్లో నడుస్తుంటే ఇది జొన్న చెలక, ఇది మామిడితోట అని నా కాళ్ళకు తెలుస్తుంది గాని, బోర్డుల మీద వేరే పేర్లుంటాయి. మాకు మిగిలింది కొత్తపేటలో కిరాయి ఇల్లు, ఏడాదికి ఒకసారి బోనాల నాడు దక్కే ఒక మర్యాద.

ఆ మర్యాద ఏమిటో చెప్పాలి. మా ఊరి మైసమ్మ గుడి ఇప్పుడు రెండు అపార్ట్‌మెంట్ల నడుమ ఇరుక్కుని ఉంది. గుడి వెనక ఒక చేదబావి. ఏడాది పొడుగునా దాని మీద బండ కప్పి ఉంటుంది. బోనాల నాడు మాత్రం బండ జరిపి, నీళ్ళు తోడి, అమ్మవారిని కడుగుతారు. కడిగిన ఆ నీళ్ళలో పసుపు కలిపి, వేపరెమ్మ వేసి, పూజారి దోసిలితో పటేలు ముఖాన కొడతాడు. పటేలు నిటారుగా నిలబడి, కళ్ళు పూర్తిగా తెరిచి, రెప్ప వేయకుండా ఆ నీళ్ళు తీసుకోవాలి. రెప్ప పడకపోతే ఊరికి ఆ ఏడు మంచిది. తాత రెప్ప వేయలేదు. నాన్న వేయలేదు. నాన్న పోయాక ప్రతి ఏడూ నేను నిలబడ్డాను, నేనూ వేయలేదు. భూమిలేని పటేలుకు జనం పక్కకు జరిగి దారి ఇచ్చేది ఆ ఒక్క పూటే. నీళ్ళు ముఖాన పడే ముందు డప్పులు ఆగుతాయి. ఆ నిశ్శబ్దం కోసం నేను ఏడాదంతా బతికేవాణ్ణి అంటే తప్పుకాదు.

ఇంకొకటి. నాన్నకు ఎడమ కంట్లో తెల్లటి పువ్వు ఉండేది. తాతకు కుడికంట్లో. అది అమ్మ పెట్టిన పువ్వనేది నానమ్మ. పటేలు కంట్లో పువ్వు పూస్తే అమ్మ వాణ్ణి ఒప్పుకున్నట్టు. చిన్నప్పుడు నేను అద్దం ముందు నిలబడి, నాకెప్పుడు పూస్తుందా అని కనుగుడ్లు తిప్పి చూసుకునేవాణ్ణి.

నొప్పి మొదలైన ఆ ఏడాది బోనాలకు గాలి ఎక్కువగా ఉంది. పక్కన కట్టే బిల్డింగు నుంచి ఇసుక లేచి కంట్లో పడింది. నలిపాను. తరవాత పూజారి నీళ్ళు కొట్టాడు, తీసుకున్నాను. ఆ వారం తిరగకముందే కన్ను ఎర్రబడింది. మందుల దుకాణంవాడు ఇచ్చిన చుక్కలు వేశాను. తగ్గలేదు. వీధి చివరి డాక్టరు వేరే చుక్కలిచ్చాడు. వాటితో రెండు పూటలు హాయిగా ఉండి, తరవాత నొప్పి వడ్డీతో సహా తిరిగి వచ్చింది. వెలుతురు చూస్తే కత్తి దిగినట్టుండేది. పగలే కిటికీలు మూసి, గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేవాణ్ణి. కూర్చుంటే నొప్పి పెరిగేది, నడిస్తే తల అదిరేది. రెండూ చేయలేక మళ్ళీ లేచేవాణ్ణి.

"గానుగెద్దు లెక్క తిరుగుతున్నరు," అంది నా భార్య. "దవాఖానకు పాండ్రి."

"పువ్వు పడుతున్నదేమో," అన్నాను.

"పువ్వయితే గింత నొస్తదా?"

"నాన్నకు నొచ్చినట్టు లేదు."

"మామకు నొచ్చిందో లేదో మనకేం ఎరుక? పటేలు నొస్తున్నదని చెప్తడా?"

చెప్పులేసుకున్నాను.

ఎల్బీనగర్‌లో ఒక కంటి దవాఖానకు వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, మాట కోస్తా మాట. లెన్సులు పెట్టుకుంటారా అని ముందే అడిగింది. లేదన్నాను. "కంట్లో మురికినీళ్ళు ఏమన్నా పడ్డాయా? చెరువునీళ్ళు, ట్యాంకునీళ్ళు?" లేదన్నాను. నిజమే చెప్పాను. మురికినీళ్ళేవీ పడలేదు. నా పక్కన కూర్చున్న నా భార్యకూ ఇంకేమీ తోచలేదు.

లైటు వేసి కంటిని చాలాసేపు చూసింది డాక్టరమ్మ. "కార్నియాలో తెల్లగా, రింగులాగా కమ్ముకుందండి." కార్నియా అంటే గడియారానికి అద్దం ఉన్నట్టు నల్లగుడ్డు మీద ఉండే పొర అని చెప్పింది. "లోపల ఏముందో పైనుంచి చూసి చెప్పలేను. బూజు కావచ్చు, వైరస్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే కన్ను పోతుంది. ఇప్పటికే వేశారు కూడా."

"మరి ఎట్ల?" అంది నా భార్య.

"కన్ను కోయకుండా, బతికున్న కంట్లోనే కణాలు చూసే మైక్రోస్కోప్ ఉందమ్మా. చూసి, అప్పుడు మందు."

ఆ గదిలో ఏసీ గట్టిగా ఉంది. బల్ల మీద యంత్రం, ముందు ఒక స్టూలు. గడ్డం ఒక ప్లాస్టిక్ దొప్పలో పెట్టాలి, నుదురు పట్టీకి ఆనించాలి. మత్తుచుక్కలు వేసింది. చల్లటి జెల్ రాసిన చిన్న మొన ఒకటి నేరుగా కనుగుడ్డును తాకుతుందట.

"కొంచెం ముందుకు వంగండి సార్."

నా వీపు వంగే వీపు కాదు. ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంటే నాన్న బెత్తంతో మెల్లగా తట్టేవాడు. స్టూలు ఎత్తు మార్చి, బల్ల ఎత్తు మార్చి, చివరికి ఆవిడే యంత్రాన్ని నా ఎత్తుకు తెచ్చుకుంది.

"రెప్ప వేస్తానేమోనని మీకు భయం వద్దు," అన్నాను. "నేను వేయను."

"పర్లేదండి, రెప్పకు క్లిప్పు పెట్టేస్తా."

నా భార్య వెనక నుంచి చిన్నగా దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

మొన కంటిని తాకింది. నొప్పి లేదు, కాని నా కంటి మీద ఇంకొకరి చెయ్యి ఉన్నట్టు ఒళ్ళంతా బిగిసింది. కుడికంటితో ఎదురుగా ఉన్న చిన్న దీపాన్నే చూడమంది. చూశాను.

"కదులుతున్నారండి."

"నేను కదలలేదమ్మా."

"మీరు కదల్లేదు, మీ కన్ను కదిలింది. ఊపిరి పీలిస్తే కదులుతుంది, గుండె కొట్టుకున్నా కదులుతుంది. వెంట్రుకలో పదోవంతు కదిలినా ఇక్కడ బొమ్మంతా చెరిగిపోతుంది. నెమ్మదిగా వదలండి ఊపిరి."

వదిలాను. మళ్ళీ చెరిగింది. మొన తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ చెరిగింది. ఊరంతటి ఎదుట కదలకుండా నిలబడ్డ మనిషిని, చీకటి గదిలో ఒక్క ఆడమనిషి ముందు కదలకుండా ఉండలేకపోయాను. బయటికి పోయి కారిడార్‌లో నడుస్తానన్నాను. పోనిచ్చింది. గోడల పొడుగునా పచార్లు చేసి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి నా భార్య వచ్చి, అడగకుండానే వెనక నుంచి నా తల రెండు చేతులతో పట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పదిమంది తిరిగే చోట ఆమె నన్ను అట్లా పట్టుకోలేదు. బొమ్మలు వచ్చాయి. అట్లాగే కుడికంటివి కూడా తీసింది డాక్టరమ్మ.

డాక్టరమ్మ ముందు నా కుడికంటి బొమ్మలు చూపించింది, బాగున్న కన్ను ఎట్లా ఉంటుందో తెలియటానికి. నలుపు తెలుపు బొమ్మలు. పైపొర కణాలు వాకిట్లో పరిచిన బండల్లాగా ఉన్నాయి. కొంచెం కిందికి పోతే అవే చిన్నవై, దగ్గరదగ్గరగా, తేనెపట్టులాగా. ఇంకా కిందికి పోతే నల్లటి నేల మీద పొడుగ్గా తెల్లటి దారాలు, ఒకదాని పక్కన ఒకటి. అవి నరాలట. కంటికి నొప్పి చెప్పేవి అవే. అన్నిటికంటే అడుగున ఆరుమూలల పలకల గచ్చు. ఆ పలకలు రాలిపోతే కొత్తవి పుట్టవని చెప్పింది. నేను కుర్చీలోంచి ముందుకు వంగి చూస్తున్నానని తరవాత నా భార్య చెప్పింది.

అప్పుడు ఎడమ కన్ను. దారాలు లేవు. ఉండాల్సిన చోట బూడిదలాంటి మసక. ఆ మసకలో మెరిసే గుండ్రటి చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ ఒక గీత, దాని బయట ఇంకో గీత. కొన్ని చోట్ల బారుగా నడుస్తున్నట్టు వరసకట్టి ఉన్నాయి.

"ఇదండీ," అంది డాక్టరమ్మ, కుర్చీ వెనక్కి వాలి. "అకాంతమీబా అంటారు. నీళ్ళలో, మట్టిలో ఉండే ఒక జీవి. కష్టం వస్తే చుట్టూ రెండు గోడలు కట్టుకుని లోపల కూర్చుంటుంది. అందుకే మందు తొందరగా దిగదు."

"దొర లెక్క గడి కట్టుకుని కూసున్నదన్నట్టు," అంది నా భార్య, నా వైపు చూడకుండా.

"నీళ్ళు పడ్డాయా అని అడిగాను కదండీ. ఇవి ఊరికే రావు. గుర్తు చేసుకోండి."

అప్పుడు నా భార్యే నెమ్మదిగా చెప్పింది. బావి, బండ, బోనాలు, దోసిలి, రెప్ప. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి విన్నది.

"మురికినీళ్ళా అని అడిగితే లేదన్నారు."

"అవి మురికినీళ్ళు కావు," అన్నాను.

"సరేనండి. అవి అమ్మవారి నీళ్ళే. కాని ఏడాదంతా మూతపెట్టిన బావినీళ్ళు కూడా. ఈ జీవికి ఆ తేడా తెలియదు."

నాన్న కంటి సంగతి, తాత కంటి సంగతి నేనే చెప్పాను. వాళ్ళకు ఏమైందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరని, పువ్వు పడటానికి వంద కారణాలుంటాయని, నాకు ఆ బావి నుంచే వచ్చిందని కూడా తాను ప్రమాణం చేయలేనని అంది ఆవిడ. చాలామందికి అట్లాంటి నీళ్ళు పడినా ఏమీ కాదట. పైపొర గట్టిగా ఉంటే ఆపుతుంది. గీరుకుపోయిన కంటికీ, లెన్సులు పెట్టుకునేవాళ్ళ కంటికీ ప్రమాదం. "మీరు మాత్రం ఇక ఆ నీళ్ళ ముందు నిలబడొద్దు."

మందు మొదలైంది. గంటగంటకూ చుక్కలు. ప్రతి చుక్కా నిప్పు. వరండా ఉద్యోగానికి సెలవు పెట్టాను. నెలకోసారో, అంతకు ముందే ఒకసారో, ఆ స్టూలు మీద కూర్చునేవాణ్ణి. నా భార్య తల పట్టుకునేది. బొమ్మల్లో ఆ మెరిసే చుక్కలు కొన్ని లోపల ఖాళీ అయి ఉత్త గోడలుగా మిగిలాయి, కొన్ని మెరుస్తూనే ఉన్నాయి. ఇంట్లో ఉన్నంతసేపూ కుడికన్ను మూసుకుని ఎడమకంటితో గోడ క్యాలెండర్ చూడటం నాకు అలవాటయింది. అంకెలు కనబడేవి కావు. తెల్లటి చదరం మాత్రం కనబడేది. మళ్ళీ మూసి చూసేవాణ్ణి.

"ఉడికిందా లేదా అని మాటిమాటికి మూత తీస్తే అన్నం ఉడకదు," అనేది నా భార్య.

మళ్ళీ ఆషాఢం దగ్గరికి వస్తుండగా మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు, పండ్లు పట్టుకుని వచ్చాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. కలిసివచ్చిన మనిషి. పాలివాళ్ళం కాబట్టి నా తరవాత ఆ మర్యాద వాడిదే.

"అన్నా, ఈసారి నువ్వు నిలబడవు గదా. నేను నిలబడ్త. ఇంటి మర్యాద ఇంట్లనే ఉంటది."

ఫోనులో నా కంటి బొమ్మ చూపించాను.

"గివేంది, సగ్గుబియ్యం లెక్కున్నయ్?"

"నా కంట్లో ఉన్నవి. ఆ నీళ్ళతో వచ్చి ఉంటాయి."

"వచ్చి ఉంటాయా, వచ్చినయా?"

"డాక్టరమ్మ ప్రమాణం చేయలేనంది."

వాడు నవ్వాడు. "జూడు మరి. తాతకు కాలే, పెద్దనాయనకు కాలే."

"నాన్న కంట్లో పువ్వు?"

"అది పువ్వే అన్నా. నువ్వు పువ్వును గూడ రోగమంటవా?" ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఒక మాట చెప్త, ఏమనుకోకు. నీకు ఇచ్చుడు ఇష్టం లేదను, ఒప్పుకుంట. చుక్కలు గిక్కలని చెప్పకు."

నిజంగానే ఇవ్వటం నాకు ఇష్టం లేదు. వాడు వెళ్ళిపోయాక ఆ మాట నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు. వాడి కంటికోసం భయపడుతున్నానా, నా చోటుకోసమా? రెండూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి. విడదీద్దామని సరూర్‌నగర్ చెరువుకట్ట దాకా నడిచాను, విడిపోలేదు.

పూజారి దగ్గరికీ పోయాను. నీళ్ళు కాచి చల్లార్చి వాడమన్నాను, పోనీ కొనుక్కొచ్చిన నీళ్ళు కలపమన్నాను. పెద్దాయన కోపం చేసుకోలేదు. "పటేలా, అమ్మ సల్లటి నీళ్ళే అడుగుతది. కాచిన నీళ్ళు పోస్తే నన్ను కాలుస్తది," అన్నాడు. నేనొచ్చి వెళ్ళిన సంగతి వాడకట్టంతా తెలిసింది. మినరల్ వాటర్ పటేలని నాకొక పేరు పడింది. నా వెనక అనుకునేవాళ్ళు, నాకు వినబడేటంత గట్టిగా.

బోనాల నాడు ఇంట్లోనే ఉండమంది నా భార్య. "పోయి ఏం చేస్తరు? చూసి ఏడుస్తరు." పోయాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని జనంలో నిలబడ్డాను. ఎవరూ దారి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. బండ జరిపారు. చేద దిగిన చప్పుడు విన్నాను. మా తమ్ముడు తెల్లబట్టల్లో, తలపాగాతో వచ్చి గుడి ముందు నిలబడ్డాడు. నిటారుగానే నిలబడ్డాడు, మా ఇంటి వీపే వాడిది. వాడి ముఖం ఎందుకో బోసిగా అనిపించింది. కాలేజీ రోజుల నుంచీ అద్దాలు లేకుండా వాణ్ణి చూసినట్టు నాకు గుర్తులేదు.

జనాన్ని తోసుకుని ముందుకు పోయాను.

"అద్దాలేవిరా?"

"లెన్సు పెట్టిన అన్నా. ఫొటోలు తీస్తున్నరు." గుసగుసగా అన్నాడు, పెదవులు కదలకుండా. "నువ్వు పక్కకు జరుగు."

"తియ్యి అవి. ఇప్పుడే తియ్యి."

"అన్నా, అందరు చూస్తున్నరు."

డప్పులు ఆగాయి. పూజారి దోసిలి బిందెలో ముంచాడు. వాడి కళ్ళు తెరుచుకున్నాయి, పెద్దవిగా, నాన్న కళ్ళలాగా. నేను ఆలోచించలేదు. వాడి వెనక్కి పోయి రెండు అరచేతులతో వాడి కళ్ళు మూశాను. నీళ్ళు నా చేతుల మీద పడ్డాయి, చల్లగా, వేపాకుతో సహా.

వాడి రెప్పలు నా అరచేతుల కింద కొట్టుకోవటం తెలుస్తూ ఉంది.

"తియ్యి చేతులు," అన్నాడు, మెల్లగా.

"ముందు ముఖం తుడుచుకో. కళ్ళు మూసుకునే తుడుచుకో." నా కండువా ఇచ్చాను. తీసుకోలేదు. తన తలపాగాతోనే తుడుచుకున్నాడు. పూజారి బిందె కింద పెట్టి గుడిలోకి వెళ్ళిపోయాడు. ఎవరో ముసలామె నన్ను తిట్టింది. చాలాసేపు తిట్టింది. తమ్ముడు నన్ను తిట్టలేదు. కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత గుడి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇక నుంచి నీళ్ళు గడప మీద పోస్తారట, పటేలు ముఖాన కాదు. ఇద్దరు పాలివాళ్ళు కొట్లాడుకునే మర్యాద ఊరికి అరిష్టమన్నారు. తాతల నుంచి వచ్చినది నా చేతుల్లో, అచ్చంగా నా చేతుల్లోనే పోయింది. ఇంకొకరికి దక్కటం ఓర్వలేక చేశానని అందరి మాట. కాదని ఎవరితోనూ చెప్పలేదు. ఆ మాటలో ఎంత నిజం ఉందో నాకే తెలియనప్పుడు ఏమని చెప్పను?

నా కంట్లో ఇప్పుడు మెరిసే చుక్కలు లేవు. మచ్చ ఉంది, ఉంటుంది. పోయినసారి బొమ్మలో మసక అంచున ఒక సన్నటి దారం కనబడిందని డాక్టరమ్మ చూపించింది. నరం మళ్ళీ అల్లుకుంటున్నదేమో, చెప్పలేం అంది. ఆ కంటితో మనిషి వస్తున్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. వరండా ఉద్యోగంలో మళ్ళీ నిలబడుతున్నాను.

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర మా తమ్ముడి కారు ఆగింది. అద్దం దించి ఉంది. నేను ఫుట్‌పాత్ మీద, నా భార్య పక్కన. వాడు నన్ను చూశాడు. నేను కుడికంటితో వాడి కళ్ళలోకే చూశాను, ఎక్కడన్నా ఎర్రజీర ఉందేమోనని. లేదు. తేటగా ఉన్నాయి. ఆ కళ్ళు ఎంత తేటగా ఉంటే వాడి దగ్గర నేను అంత అబద్ధాలకోరును.

"పలకరించరాదు?" అంది నా భార్య.

సిగ్నల్ పడింది, కారు కదిలింది. ఊపిరి వదిలాను. కాని అంత దూరం నుంచి సరిగ్గా చూశానో లేదో అనిపించి, పక్కన నడిచే మనుషులను తప్పించుకుంటూ, ఆ కారు వెంట కొంతదూరం వేగంగా నడిచాను.